కత్తి బరువు

వాస్తవికత అనే మాట మన సాహిత్య చర్చలకు కొత్తది కాదు. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం ఏర్పడిననాటినుంచీ ఆ మాట మీద మనం వాదించుకుంటూనే ఉన్నాము. నవలకు, కథానికకు, నాటకానికి ఆ కొలబద్ద పెట్టి చూశాము. కాని రాకుమారులూ, మాంత్రికులూ, మాయాఖడ్గాలూ ఉండే కల్పనా జగత్తు ఎదురైనప్పుడు మాత్రం ఆ కొలబద్దను పక్కన పెట్టేస్తున్నాము. "అదంతా అభూతకల్పన గదా, అక్కడ వాస్తవికత గొడవ ఎందుకు?" అని తేల్చివేస్తున్నాము. ఇట్లా తేల్చివేయటం సరికాదని చూపటమే ఈ వ్యాసం ఉద్దేశం. అందుకు తీసుకున్న వస్తువు చాలా చిన్నది: కల్పిత యుద్ధంలో కత్తి ఎంత బరువుండాలి, దాన్ని ఎవరు పట్టాలి, దాని దెబ్బ ఎవరికి ఎంత తగలాలి అన్న నియమాలు.

ఈ నియమాలు మనకు రెండు చోట్ల కనిపిస్తాయి. ఒకటి మన జానపద సినిమా. 'పాతాళ భైరవి' (1951) నుంచి విఠలాచార్య చిత్రాల మీదుగా 'బాహుబలి' (2015, 2017) దాకా తెలుగు ప్రేక్షకుడు చూసిన కత్తియుద్ధాలకు లెక్కలేదు. ఒక నటుణ్ణి జనం 'కత్తి కాంతారావు' అనే పిలుచుకున్నారు. తెర మీద ఆ కత్తుల దెబ్బలకు పడిపోయే మనుషుల్లో చాలామంది ఈనాడు హైదరాబాదులో, అమీర్‌పేటకు అవతల, కృష్ణానగర్ ఇరుకు వీధుల్లోని అద్దెగదుల్లో కాపురముంటున్నారు. రెండవది, అమెరికాలో పుట్టి మన విద్యార్థుల్లో కొందరికి ఇప్పుడు పరిచయమైన బల్ల ఆట. నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు. తక్కినవారు ఒకరు వీరుడిగా, ఒకరు మాంత్రికుడిగా, ఒకరు దొంగగా పాత్రలు ధరిస్తారు. కత్తి దూసినప్పుడు దెబ్బ తగిలిందో లేదో, ఎంత తగిలిందో పాచిక చెప్తుంది. పాచిక మీద పడిన అంకెకు అర్థం చెప్పేది నియమాల పుస్తకం. 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే పేరుతో 1974లో వెలువడిన ఆట ఈ జాతికి మూలం.

ఈ ఆటల్లో ఆయుధాల వాస్తవికత గురించి అర్ధశతాబ్దంగా వివాదం నడుస్తున్నది. ఒక పక్షంవారు, మంత్రాలకు చింతకాయలు రాలే లోకంలో కత్తి బరువు సరిగా ఉన్నదా అని అడగటమే హాస్యాస్పదమంటారు. రెండవ పక్షంవారు, మంత్రం మంత్రమే గాని ఇనుము ఇనుమే అంటారు; కత్తి పొడుగు, బరువు, వేగం, కవచాన్ని ఛేదించే శక్తి అన్నిటినీ పట్టికలు కట్టి లెక్కించాలంటారు. సినిమాహాలు నుంచి బయటికి వచ్చే మన ప్రేక్షకుల్లోనూ ఇవే రెండు పక్షాలు. 'బాహుబలి' రెండవ భాగంలో వంచిన తాటిచెట్ల మీదినుంచి సైనికులు డాళ్లు గుండ్రంగా పేర్చుకొని కోటగోడ దాటి ఎగిరిపడినప్పుడు, ఒకరు చప్పట్లు కొట్టారు. ఒకరు భౌతికశాస్త్రం చెప్పారు. ఈ రెండు పక్షాలూ ఒకే తప్పు చేస్తున్నాయి. రెండూ వాస్తవికత కత్తిలోనే ఉన్నదనుకుంటున్నాయి. ఒకరు అది లేకపోయినా ఫరవాలేదంటున్నారు, ఒకరు ఉండితీరాలంటున్నారు, అంతే తేడా.

*

ఈ పట్టికలు ఎక్కడినుంచి వచ్చాయో మొదట చూద్దాము. వాటి పుట్టుక పిల్లల ఆటగదిలో కాదు, సైనిక కార్యాలయంలో. 1824లో ప్రష్యా సైన్యంలో రైస్విట్జ్ అనే యువ అధికారి తన తండ్రి మొదలుపెట్టిన యుద్ధక్రీడను సంస్కరించి నియమాలు ప్రకటించాడు. పటం మీద దళాలకు గుర్తులుగా చిన్న దిమ్మెలు, నష్టాల నిర్ణయానికి పాచికలు, పట్టికలు. ఇంత దూరంనుంచి ఇన్ని తుపాకులు పేలిస్తే ఇంతమంది పోతారు అన్న లెక్క. అధికారులకు శిక్షణ ఇవ్వటానికి ఆ లెక్క పనికివచ్చింది. కాని ఆ లెక్కలో సైనికుడు మనిషి కాదు. ఒక దళంలో తరిగిపోయే భాగం. సేనాపతి మాత్రం పటానికి ఇవతల కుర్చీలో కూర్చున్నాడు. అతనికి పాచిక లేదు.

ఆ పటం మీది ఆట నూటయాభై ఏళ్లలో బొమ్మసైనికుల వినోదంగా మారి, 1971లో 'చెయిన్‌మెయిల్' అనే మధ్యయుగపు యుద్ధక్రీడగా అమెరికాలో అచ్చయింది. మామూలు దళాల ఆటకు అనుబంధంగా దాని రచయితలు కొన్ని కల్పిత పాత్రలను చేర్చారు. అందులో 'హీరో' అనేవాడికి నలుగురు సైనికుల బలం; నలుగురి దెబ్బలు ఒకేసారి ఫలిస్తే తప్ప వాడు చావడు. 'సూపర్ హీరో'కు ఎనిమిదిమంది బలం. 1974 ఆట దీనిలోంచే వచ్చింది. దాని మూల నియమాల్లో ఏ ఆయుధమైనా దెబ్బ విలువ ఒక పాచిక. మామూలు మనిషి ప్రాణం విలువా ఒక పాచికే. అంటే ఒక్క దెబ్బకు సుమారుగా ఒక్క మనిషి. వీరుడు అనుభవం గడించినకొద్దీ అతని ప్రాణానికి పాచికలు పెరుగుతూ పోతాయి. కత్తి మారలేదు, చేయి మారలేదు. దెబ్బ తినే శరీరం ఎవరిదన్న దాన్నిబట్టి గాయం మారుతున్నది.

ఇది అమెరికా వాళ్లు కొత్తగా కనిపెట్టింది కాదు. మహాభారతంలో ఉద్యోగపర్వంలో భీష్ముడు కౌరవసేనలోని వీరులను వరసగా పేర్కొని ఎవడు రథి, ఎవడు అతిరథి, ఎవడు ఎందరికి సమానం అని నిర్ణయిస్తాడు. అది కూడా ఒక పట్టికే. అందులో కర్ణుని దగ్గరకు వచ్చేసరికి 'అర్ధరథుడు' అన్నాడు. కవచకుండలాలు పోగొట్టుకున్నాడు, గురుశాపం ఉన్నది, గొప్పలు చెప్పుకుంటాడు అని పైకి చెప్పిన కారణాలు. కాని సూతపుత్రుడన్న మాట పుట్టినప్పటినుంచీ వెన్నాడుతున్నవాడికి ఆ సగం అంకె ఎట్లా వినపడిందో ఊహించటం కష్టం కాదు. భీష్ముడు బతికి ఉండగా ఆయుధం పట్టనని కర్ణుడు శపథం చేశాడు. పదిరోజుల యుద్ధం అతను లేకుండానే జరిగింది. బలాబలాల పట్టిక ఏనాడూ కేవలం బలాబలాల పట్టిక కాదు. ఎవడి ప్రాణానికి ఎంత విలువ అని ఒక సమాజం అనుకుంటున్నదో అది ఆ పట్టికలో అంకెలుగా దిగుతుంది. దిగిన తరువాత ప్రకృతి నియమంలాగా కనిపిస్తుంది.

*

రెండవ పక్షంవారు, అంటే వివరాల వాస్తవికత కోరేవారు, ఈ లోపాన్ని మరిన్ని వివరాలతో సరిదిద్దబోయారు. 1978లో వచ్చిన పెద్ద నియమగ్రంథంలో పొడుగు కర్ర ఆయుధాలే పది పన్నెండుకు పైగా రకాలు. ఒక్కొక్క ఆయుధానికి వేగం అంకె, ఏ కవచం మీద ఎంత పనిచేస్తుందన్న అంకె, బరువు అంకె. ఇన్ని వివరాలు కట్టి చివరికి రెండుచేతుల కత్తికి పెట్టిన బరువు రెండువందల యాభై నాణేలు, అంటే ఇరవై అయిదు పౌన్లు. మోయటంలోని ఇబ్బందిని కూడా అందులో కలిపామన్నా అది పదకొండు కిలోలకు పైమాట. మ్యూజియముల్లో ఉన్న అసలు యుద్ధపు కత్తులు, రెండుచేతులవి సైతం, సాధారణంగా రెండు నుంచి మూడున్నర కిలోలు దాటవు. 2014 నాటి కూర్పులో ఆ కత్తి బరువు ఆరు పౌన్లకు దిగివచ్చింది. అంకె సరి అయింది. మరి ఆట సత్యమయిందా? ఆ కత్తి దెబ్బకు ఊరి కాపలావాడు ఇప్పటికీ ఒక్కదెబ్బకే పోతున్నాడు. వీరుడు ఇప్పటికీ పది దెబ్బలు తిని, ఒక రాత్రి నిద్రపోయి లేచి, మర్నాడు యుద్ధానికి సిద్ధమవుతున్నాడు.

1888లో ఎంగెల్స్ ఒక ఇంగ్లీషు నవలారచయిత్రికి రాసిన ఉత్తరంలో వాస్తవికతను గురించి చెప్పిన మాట మనలో చాలామందికి కంఠస్థమే. వివరాల్లో నిజం ఉంటే చాలదు. ప్రాతినిధ్యం వహించే పరిస్థితుల్లో ప్రాతినిధ్యం వహించే మనుషులు కనపడాలి అన్నది దాని సారాంశం. ఆ మాటను నవలకే కట్టిపెట్టవలసిన పనిలేదు. మన అరుగుల మీద ఆడే పులిమేక ఆట చూడండి. అందులో కత్తి లేదు, కవచం లేదు, బరువు లేదు. ఉన్నవి గీతలు, గవ్వలు, చింతగింజలు. పులులు మూడు, మేకలు పదిహేను. పులి మేకను దాటి చంపగలదు. మేక పులిని ఎన్నటికీ చంపలేదు. ఒక్క మేక ముందుకు పోతే చచ్చిందే; పది మేకలు ఒకదాని వెనక ఒకటి సందు లేకుండా నిలబడితే పులికి కదిలే దారి ఉండదు. జంతుశాస్త్రం ప్రకారం ఇది పూర్తిగా అబద్ధం. కాని దొరను, పటేలును, పట్వారీని చూసిన పల్లె మనిషికి ఇంతకన్నా నిజమైన ఆట మరొకటి ఉన్నదా? ఆయుధం గురించి ఒక్క వివరమూ లేని ఆట బలహీనుల బలం ఎక్కడున్నదో చెప్పగలిగింది. ఆయుధాల గురించి వందల వివరాలున్న ఆట చెప్పలేకపోయింది.

'పాతాళ భైరవి' విషయంలోనూ అంతే. అందులో మంత్రాలున్నాయి, అడిగిందల్లా ఇచ్చే ప్రతిమ ఉన్నది. కాని తోటరాముడు తోటమాలి కొడుకు. రాజకుమార్తెను ప్రేమించిన తప్పుకు, సంపాదించుకొని రా, అప్పుడు చూద్దాం అన్న షరతు అతని నెత్తిన పడుతుంది. ఆ షరతు వల్లనే అతను మాంత్రికుడి వలలో పడతాడు. డబ్బులేనివాడికి ప్రేమ కూడా ఒక సాహసయాత్రే అవుతుందన్న నిజం ఆ మాయల మధ్య చెక్కుచెదరకుండా ఉన్నది. కాబట్టి మాయ వాస్తవికతకు శత్రువు కాదు. తాటిచెట్టు మనుషులను విసిరితే విసరనివ్వండి.

*

అయితే వివరాలు అక్కరలేదని దీని అర్థమా? కాదు. ఏ వివరం ఎవరి పక్షాన నిలబడుతున్నది అన్నది ప్రశ్న. వివరం న్యాయం చేసిన సందర్భాలు కూడా ఉన్నాయి. వాటిని గుర్తించకపోతే మొదటి పక్షంవారి ఒళ్లో పోయి పడతాము.

ఏకలవ్యుని కథ తీసుకోండి. బొటనవేలు గురుదక్షిణగా కోసి ఇచ్చాడన్నంతవరకు అందరూ చెప్తారు. సంస్కృత భారతం మరొక వాక్యం చెప్తుంది: ఆ తరువాత అతను మిగిలిన వేళ్లతో బాణం వేశాడు గాని, మునుపటి వేగం రాలేదు. వింటినారి లాగటంలో బొటనవేలు చేసే పని తెలిసినవాడు చెప్పిన మాట అది. ఆ చిన్న వివరం లేకపోతే కథ గురుభక్తికి దృష్టాంతంగా మిగిలిపోతుంది. ఆ వివరం వల్ల నష్టం ఎంతో, అది ఎవరి లాభానికి జరిగిందో లెక్క తేలుతుంది. నిషాదుని చేతిలో ఆయుధం ఉండకూడదన్న నియమం కత్తి ఎత్తకుండానే ఎట్లా అమలయిందో కనిపిస్తుంది.

మన్యం తిరుగుబాటులో మరొక ఉదాహరణ. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాల మీద వరసగా దాడిచేసి ఆయుధాలు పట్టుకుపోయింది. మొత్తం 26 తుపాకులు, సుమారు 2500 తూటాలు అని చరిత్రకారులు చెప్తారు. ఈ అంకెల్ని కాసేపు కళ్లముందు పెట్టుకోండి. సామ్రాజ్యానికి తూటాల లెక్క అక్కరలేదు. దాని వెనుక కర్మాగారాలున్నాయి. కొండమనిషికి పేలిన ప్రతి తూటా ఇంక తిరిగిరాదు. తూటాలు అయిపోయిన తుపాకి ఒక కర్ర. 1924 మే నెలలో రాజు మరణించేదాకా సాగిన ఆ పోరాటంలోని ధైర్యం తెలియాలంటే ఈ కూడికలు తీసివేతలు తెలియాలి. మన తెర మీద వీరుడి తుపాకిలో తూటాలు అయిపోవు, అమ్ములపొదిలో బాణాలు తరగవు. అతన్ని మరింత గొప్పవాణ్ణి చేస్తున్నామనుకుంటూ, ఏమీ లేకుండా నిలబడినవాళ్ల గొప్పతనాన్ని అతని దగ్గరనుంచి తీసివేస్తున్నాము.

బల్ల ఆటల చరిత్రలో కూడా ఇటువంటి మలుపు ఒకటి ఉన్నది. 1966లో కాలిఫోర్నియాలోని బర్కిలీలో కొందరు యువకులు చేరి మధ్యయుగపు జీవితాన్ని అనుకరించే సంఘం ఒకటి పెట్టుకున్నారు. పేముబెత్తాలతో చేసిన కత్తులు పట్టి, కవచాలు తొడిగి నిజంగానే కొట్టుకునేవారు. వారిలో ఒకడైన స్టీవ్ పెర్రిన్ మరికొందరితో కలిసి 1978లో 'రూన్‌క్వెస్ట్' అనే ఆట నియమాలు రచించాడు. అందులో దెబ్బ ఎక్కడ తగిలిందో చూడాలి: చేతికా, కాలికా, తలకా? కాలికి తగిలితే కూలబడతాడు; చేతికి తగిలితే ఆయుధం జారుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, వీరుడు ఎంత పేరు గడించినా అతని శరీరం శరీరంగానే ఉంటుంది. ప్రాణానికి పాచికలు పెరుగుతూ పోవు. నైపుణ్యం పెరుగుతుంది, మాంసం పెరగదు. ఊరి రైతు బల్లెం అదృష్టవశాత్తూ సరైనచోట దిగితే మహావీరుడైనా పోతాడు. ఆ ఆటలో దేవతలున్నారు, మంత్రాలున్నాయి. అయినా గాయం దగ్గర అందరూ సమానం. ఆ నియమాలు రాసినవాళ్లు బెత్తం దెబ్బలు తిన్నవాళ్లు గదా! దెబ్బ తిన్నవాడు రాసే నియమం వేరు, చూసినవాడు రాసే నియమం వేరు.

*

ఇప్పుడు మన సినిమాకు వద్దాము. 'బాహుబలి' మొదటి భాగంలో ఒక ఘట్టం ఉన్నది. దూరదేశపు ఆయుధ వర్తకుడు ఒకడు మాహిష్మతికి వచ్చి తన కత్తి గొప్పతనం ప్రదర్శిస్తాడు. రాజ్యసేవకుడైన కట్టప్ప తాను చేసిన కత్తితో ఆ కత్తిని తెగ్గొట్టి చూపిస్తాడు. వర్తకుడు ఆశ్చర్యపోయి, నీ స్వేచ్ఛను కొంటాను, నాతో రమ్మంటాడు. తన పూర్వులు సింహాసనానికి మాట ఇచ్చారని చెప్పి కట్టప్ప నిరాకరిస్తాడు.

ఈ ఘట్టానికి చరిత్రలో ఎంతో విలువైన నేపథ్యం ఉన్నది. నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రంలో మట్టిమూసల్లో ఇనుమును గంటల తరబడి కాచి ఉక్కు తీసేవారు. 1820లలో ఆ పని చూసిన వాయిసీ అనే వైద్యుడు రాసిన వర్ణన 1832లో కలకత్తాలో అచ్చయింది. ఆ ఉక్కును కొనటానికి పర్షియానుంచి వర్తకులు ఆ చిన్న ఊరికి వచ్చేవారు. పశ్చిమదేశాల్లో 'దమస్కస్ కత్తి' అని పేరు పొందిన వాటిలో ఈ దక్కను ఉక్కుకు భాగమున్నది. మన 'ఉక్కు' అన్న మాటే ఐరోపా గ్రంథాల్లో 'వూట్జ్'గా మారిందని పండితుల్లో చాలామంది అభిప్రాయం. ఆ కత్తులు ధరించిన సుల్తానుల పేర్లు పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి. మూసముందు కూర్చుని తిత్తులు ఊదిన కమ్మరి పేరు మన విద్యార్థుల్లో ఎవరికి తెలుసు?

సినిమా ఇనుము విషయంలో జాగ్రత్త పడింది. కత్తి పదును చూపింది, మన లోహవిద్య మీద గౌరవం చూపింది, అందుకు సంతోషించవలసిందే. కాని ఆ కత్తి చేసినవాడు బానిస. తన బానిసతనాన్ని తానే సమర్థించుకున్నప్పుడు ప్రేక్షకుడి కళ్లు చెమర్చేట్టు ఆ ఘట్టం నడుస్తుంది. లోకంలోకెల్లా మంచి ఉక్కు తెలిసిన చేతులు ఆ ఉక్కును తన సంకెల మీద ఒక్కసారి కూడా పరీక్షించవు. మరి ఈ కథలో అన్నిటికన్నా అవాస్తవికమైనది ఏది? గోడ దాటిన డాళ్లా? మన జానపద చిత్రాలను విమర్శించేవారు తాటిచెట్టు దగ్గర ఆగిపోయారు. ఆగవలసింది కట్టప్ప సమాధానం దగ్గర.

*

1950ల చివర అమీర్‌పేట పక్కన సారథీ స్టూడియో వెలిసింది. 1976లో అన్నపూర్ణ స్టూడియో వచ్చింది. తెలుగు సినిమా క్రమక్రమంగా మద్రాసునుంచి హైదరాబాదుకు తరలివచ్చింది. నాయకులు గుట్టల మీద మేడలు కట్టుకున్నారు. కార్మికులు గుట్టల దిగువన కృష్ణానగర్ చేరారు. జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్, డాన్సర్లు, ఫైటర్లు, వేషం దొరకని కుర్రవాళ్లు తెల్లవారకముందే వీధి మొగదల వ్యాన్ల కోసం నిలబడటం ఆ పేట దినచర్య.

తెర మీద కత్తియుద్ధం ఎట్లా తయారవుతుందో ఇక్కడివారు చెప్పగలరు. ఫైట్ మాస్టర్ దెబ్బలను అంకెల వరసగా కూర్చుతాడు. ఒకటికి ఎత్తు, రెండుకు ఆపు, మూడుకు వంగు. దగ్గరి షాటుకు మెరిసే లోహపు కత్తి. దూరపు షాటుకు చెక్కదో, అల్యూమినియందో, ఫైబరుదో. దెబ్బకూ శరీరానికీ మధ్య జానెడు ఖాళీ ఉంటుంది. కెమెరా కోణం దాన్ని దాచేస్తుంది. ఖణేలుమన్న మోత తరువాత కలుపుతారు. అంటే కథానాయకుడి చేతిలోని కత్తికి బరువు లేదు, పదును లేదు, శబ్దం కూడా లేదు. మరి ప్రేక్షకుడికి అది భయంకరమైన ఖడ్గమని ఎట్లా తోస్తున్నది? ఎదుటివాడు పడ్డాడు గనుక! తగలని దెబ్బకు తల విరిగినట్టు వెనక్కి వాలి, రోప్ లాగగా గాలిలో తిరిగి, నేలమీద పడిన ఫైటరు శరీరమే ఆ కత్తి బరువు. కత్తికి బరువునిచ్చేది దాన్ని పట్టినవాడు కాదు, దాని దెబ్బకు పడినవాడు.

ఇది సినిమాకే పరిమితమైన చమత్కారం కాదు. నలుగురు సైనికులకు సమానమైన 'హీరో' గొప్పతనం ఆ నలుగురి చావులోనుంచి వచ్చింది. అర్జునుడు సాటిలేని విలుకాడు కావటానికి ఏకలవ్యుని వేలు కావలసివచ్చింది. సుల్తాను కత్తి పదును కోనసముద్రం మూసలోనుంచి వచ్చింది. కల్పనలో ఆయుధాన్ని వాస్తవికంగా చూపటమంటే ఈ బరువు ఎక్కడినుంచి వచ్చిందో మరిచిపోకుండా ఉండటం. దాని పొడుగూ వెడల్పూ తరువాతి సంగతి.

మరిచిపోతే ఏమవుతుంది? కల్పిత దెబ్బకు, నిజమైన దెబ్బకు మధ్య ఉన్న ఆ జానెడు ఖాళీ కొందరికే తగ్గుతుంది. 2016 నవంబరులో బెంగుళూరు దగ్గర తిప్పగొండనహళ్లి జలాశయంలో ఒక కన్నడ చిత్రానికి పతాక సన్నివేశం తీస్తూండగా ముగ్గురు హెలికాప్టరు నుంచి నీళ్లలోకి దూకారు. కథానాయకుడు ఒడ్డున పడ్డాడు; ప్రతినాయక వేషాలు వేసిన ఇద్దరూ మునిగిపోయారు. 2021 అక్టోబరులో అమెరికాలోని న్యూమెక్సికోలో చిత్రీకరణకు సిద్ధమవుతూండగా ఉత్తుత్తి తుపాకి అనుకున్నదానిలోంచి నిజమైన గుండు పేలి ఛాయాగ్రాహకురాలు హలీనా హచిన్స్ మరణించింది. తెర మీద ఎవడి ప్రాణానికి ఎన్ని పాచికలో రాసిన పట్టిక, తెర వెనక కూడా ఎవరి చేతనో అమలవుతూనే ఉన్నది. సినీ కార్మికుల ఉద్యోగాలను క్రమబద్ధం చేయటానికి 1981లోనే పార్లమెంటు చట్టం చేసింది. అయినా 2022 జూన్‌లోను, 2025 ఆగస్టులోను తెలుగు సినీ కార్మికులు వేతనాల కోసం పని ఆపవలసివచ్చింది. రెండవసారి 30 శాతం పెంపు కోరుతూ రెండువారాలకు పైగా సమ్మె సాగింది. ఆ రోజుల్లో నాయకుల కత్తులు ఒరల్లోనే ఉన్నాయి. పడేవాళ్లు లేనిదే కొట్టేవాడు లేడని అంతకన్నా స్పష్టంగా ఏ సిద్ధాంతమూ నిరూపించలేదు. పులిమేక ఆట తెలిసినవారికి అందులో ఆశ్చర్యమేమీ లేదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. "పగలంతా పనిచేసి అలసినవాడు రెండు గంటలసేపు వీరుడి విజయం చూసి ఆనందిస్తాడు, కుర్రవాళ్లు నలుగురు చేరి ఒక రాత్రి రాక్షసుణ్ణి చంపి సంతోషిస్తారు. ప్రతి శవానికీ సంతాపసభ పెట్టమంటారా?" అని. అనను. వీరుణ్ణి చూసి పొంగిపోవటం ప్రజల హక్కు. బుర్రకథలో అల్లూరికీ, పాపారాయుడికీ పొంగిపోయింది ఆ ప్రజలే. అణగారినవాడు కలలోనైనా కత్తి పట్టటం తప్పు కాదు. కాని ఆ కలలో తానెక్కడ నిలబడ్డాడో అతనికి తెలియాలి. తెర మీద ఒక్కదెబ్బకు పడే ఆ పేరులేని సైనికుడు కూడా ఒక రైతుబిడ్డే, బతుకుతెరువుకు బల్లెం పట్టినవాడే. కల్పన ప్రేక్షకుణ్ణి ప్రతిసారీ రాకుమారుడి కళ్లతోనే చూడమన్నప్పుడు, తనలాంటివాణ్ణి తానే నరికి చప్పట్లు కొట్టే అలవాటు నేర్పుతుంది. ఆ అలవాటు సినిమాహాలు గుమ్మం దగ్గర ఆగిపోతుందని ఎవరైనా హామీ ఇవ్వగలరా?

కనుక మన విద్యార్థి మిత్రులు ఆ ఆట ఆడదలిస్తే ఆడుకోవచ్చు; దాని నియమాలను తమ ఇష్టం వచ్చినట్టు మార్చుకునే హక్కు ఆడేవారికే ఉండటం ఆ ఆటలోని మంచిగుణం. కత్తికి ఆరు పౌన్లా, మూడు పౌన్లా అన్న తర్కం వదిలి, కాపలావాడికి ఒక పేరు పెట్టి చూడండి. వీరుడి గాయం మానటానికి పట్టేన్ని రోజులు అతని గాయానికీ ఇచ్చి చూడండి. అతను కత్తి కింద పడేసి పారిపోవటానికి, ఎదురుతిరిగి వీరుడి పక్షం చేరటానికి కూడా ఒక పాచిక కేటాయించి చూడండి. కథ ఎంత మారిపోతుందో మీకే తెలుస్తుంది. ఉపాధ్యాయ మిత్రులు ఏకలవ్యుని పాఠం చెప్పేటప్పుడు ఆ 'మునుపటి వేగం రాలేదు' అన్న వాక్యం దగ్గర కాసేపు ఆగితే చాలు. విమర్శకులు ఇకముందు జానపద చిత్రాన్ని సమీక్షించేటప్పుడు, ఎన్ని కోట్లు ఖర్చయిందో రాసిన చోటనే, అందులో పడినవాళ్లెందరు, వాళ్ల పేర్లు చివర ఎన్ని క్షణాలు కనిపించాయి, వాళ్లకు బీమా ఉన్నదా అని కూడా రాయాలి. అది కళావిమర్శకు బయటి విషయమని ఎవరైనా అంటే, ఆ కత్తి అంత బరువుగా ఎట్లా కనపడిందో ముందు వారినే చెప్పమందాము.